చదరంగపు గళ్ళ సంకలితము: ఒక సంఖ్యాపద్యమునకు ఛందస్సును గణితమును చెప్పు సాక్ష్యము

తెలుగు పండితుల నోట తరతరములుగా నిలిచియున్న పద్యములలో చదరంగపు గళ్ళను గూర్చిన చంపకమాల యొకటి కలదు. అందు కథ లేదు, వర్ణన లేదు. సగము పద్యము వట్టి వస్తువుల పేర్లతోడనే నిండియుండును. బాణము, చంద్రుడు, ఆకాశము, కొండ, ఏనుగు, ఇట్లు ఇరువది పేర్లు వరుసగా దొర్లిపోవును. ఆ పేర్లు సూచించు అంకెలను ఒకదాని కెడమగా నొకటి పేర్చినచో 18446744073709551615 అను సంఖ్య యేర్పడును. చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఈ రీతిని గడిగడికి రెట్టించుచు అఱువది నాలుగు గళ్ళను నింపినచో కావలసిన గింజల మొత్తమిది యని పద్యమందలి తక్కిన భాగము చెప్పుచున్నది.

ఈ పద్యమును సభలలో వినోదమునకై వల్లించుట కలదు. సంఖ్యను చెప్పి శ్రోతలను విస్మితులను గావించుటయు కలదు. కాని పరిష్కర్త దృష్టితో చూచినచో ఇందొక చిక్కు ప్రశ్న యున్నది. సామాన్యమైన పద్యమున ఒక మాట మాఱినచో అర్థము కుంటువడును. చదువరి దానిని పసిగట్టును. సంఖ్యాపద్యమున ఒక మాటకు మాఱుగా మఱియొక మాట పడినను అర్థము చెడినట్లు తోపదు. వేదమునకు బదులు బాణ మున్నను అదియు వస్తువే, ఇదియు వస్తువే. వాక్యము యథాతథముగా నడచిపోవును. ఇట్టి పద్యమునకు శుద్ధపాఠమును దేనిని బట్టి నిర్ణయింపవలయును? వ్రాతప్రతుల సంఖ్యాబలము తోడనే ఈ పని సాగదనియు, ఛందస్సు, గణితము అను రెండు సాక్షులను ఒక్కమాఱే పిలిచి విచారింపవలయుననియు నా యభిప్రాయము. ఆ విచారణ యెట్లు జరుగవలయునో ఈ ఒక్క పద్యమును తీసికొని చూపుటకు యత్నించెదను.

ముందుగా కర్తృత్వమును గూర్చి ఒక మాట. ఈ పద్యమును పావులూరి మల్లనకు ముడిపెట్టుట మనవారిలో వాడుక. మల్లన తెలుగున గణితశాస్త్రమును పద్యములలో రచించినవారిలో మొదటివాడు. తొమ్మిదవ శతాబ్దియందు రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును అతడు తెనిగించెను. మూలకర్త జైనుడు, తెనిగించినవాడు శైవుడు. కావున ఉదాహరణములలోని జినాలయములు తెలుగున శివాలయములైనవి. మూలమును మాటకు మాటగా తెనిగింపక, వలసినచోట కుదించియు పెంచియు స్వతంత్రముగా నడచుట ఆనాటి తెనుగు కవుల పద్ధతి. మల్లనయు అట్లే చేసెను. నన్నయకు ఆశ్రయుడైన రాజరాజనరేంద్రుని వలన పిఠాపురము చెంతనున్న నవఖండవాడను అగ్రహారముగా పొందినవాడు ఈ కవియే యని కొందఱును, కవికి తాతయగు మఱియొక మల్లన యని కొందఱును తలచిరి. మొదటిపక్షమున కవి పదునొకండవ శతాబ్దివాడు. రెండవపక్షమున రమారమి పండ్రెండవ శతాబ్దికి వచ్చును. పద్యము మల్లనదైనను కాకపోయినను నేను చెప్పబోవు విషయమున కది అడ్డురాదు. సంఖ్య తనకు తానే సాక్ష్యము చెప్పుకొనగలదు.

భూతసంఖ్యాపద్ధతి గుణమును దోషమును ఒక్కచోటనే యున్నది. ఒక్కొక్క అంకెకు అనేకములైన పేర్లుండుటచే కవికి ఛందస్సున వెసులుబాటు కలుగును. ఈ పద్యముననే నాలుగను అంకె నాలుగుమాఱులు రాగా, సముద్రవాచకములు రెండు, వేదము, బ్రహ్మముఖములు అని నాలుగు వేఱువేఱు మాటలతో కవి చెప్పెను. ఏడు మూడుమాఱులు వచ్చెను. మూడును కొండలే, కాని మూడు పేర్లు. ఒకటి మూడుమాఱులు వచ్చెను. చంద్రునకు మూడు పేర్లు. అయితే పేరు లనేకములైనట్లే ఒక్కొక్క పేరునకు విలువలును అనేకము లగుట కలదు. గణితశాస్త్రమున సముద్రము నాలుగు. పురాణముల సప్తసముద్రములను తలచిన చదువరికి అది యేడు. అగ్ని త్రేతాగ్నుల లెక్కన మూడు; తపస్వుల మాట వచ్చిన పంచాగ్ని. రసము భోజనమున ఆఱు, అలంకారశాస్త్రమున తొమ్మిది. సాహిత్యవిద్యార్థి రసమనగానే తొమ్మిది యనుట సహజము. అతనిని తప్పు పట్టజాలము.

ఇక ఛందస్సు. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములు, పదునొకండవ యక్షరము యతి, రెండవ యక్షరము ప్రాస యని విద్యార్థులందఱు ఎఱిగినదే. ఈ మూడు నియమములు కవి మాటల యెన్నికను ఎంత గట్టిగా బంధించినవో చూచిన ఆశ్చర్యము కలుగును. మొదటి పాదము శకారముతో మొదలగును. సంఖ్యలో దిగువనుండి అయిదవ స్థానమునను ఆఱవ స్థానమునను అయిదంకెయే కలదు. అయిదవ స్థానమున శరశబ్దమును వాడిన కవి ఆఱవ స్థానమున సాయకశబ్దమును వాడెను. పునరుక్తి భయముచే మాట మార్చె ననుకొందుమా? శరపదమును అతడు అప్పటికే రెండుమాఱులు వాడియున్నాడు గదా. అసలు కారణము యతి. ఆ మాట సరిగా పదునొకండవ యక్షరమున మొదలగుచున్నది. శకారమునకు సకారము చెల్లును. బాణవాచకమే యైన మార్గణశబ్దమును అచట నిలిపినచో గణము చెడదు, విలువయు చెడదు, యతి మాత్రము చెడును. రెండవ పాదమున ధకారమునకు యతిగా తకారము గల తర్కశబ్దము పదునొకండవ తావున పడినది. ఇచట ఆఱు చెప్పవలసియుండెను. షట్తర్కములు, షట్శాస్త్రములు, షడృతువులు ఎన్ని యున్నను యతి తర్కమునే కోరినది. రెండవ పాదారంభమున భూధరశబ్దము రెండు పాదములకు విఱిగి, దాని కడపటి రేఫము ప్రాసస్థానమున నిలిచినది. మూడవ పాదారంభమున కుంజరశబ్దము అట్లే విఱిగినది. కొండకును ఏనుగునకును పేరులు కొల్లలుగా నుండగా ఈ రెండే యచట పడుటకు ప్రాసయే కారణము.

కావున ఛందస్సు గట్టి సాక్షియే. కాని దాని చూపు అన్ని తావుల కందదు. యతిప్రాసలు లేని చోట గణము సరిపోయిన చాలు, అది మౌనము వహించును. వేదశబ్దమునకు మాఱుగా బాణశబ్దము వ్రాసిన లేఖకుని ఛందస్సు పట్టుకొనజాలదు, రెండును గురులఘువులే. పద్మజాస్యమునకు బదులు షణ్ముఖాస్య మనినను నడక చెక్కుచెదరదు. బ్రహ్మముఖములు నాలుగు పోయి కుమారస్వామి ముఖములు ఆఱు వచ్చును. ఇట్టి తావులందు రెండవ సాక్షిని పిలువవలయును.

ఆ సాక్షి మాట వినుటకు ముందు ఈ సంఖ్య పుట్టుకను కొంచెము తెలిసికొనవలయును. రెట్టింపు లెక్క చదరంగమునకు సొంతము కాదు. మన ఛందశ్శాస్త్రమున అది చదరంగకథ కంటె ప్రాచీనము. ఒక్కొక్క యక్షరము గురువో లఘువో కావలసియుండుటచే, ఒక యక్షరము పెరిగినకొలది వృత్తములు రెట్టింపగును. ఆఱక్షరముల గాయత్రికి 64 వృత్తములు. ఉక్త మొదలు ఉత్కృతి వఱకు గల ఇరువదియాఱు ఛందముల వృత్తములన్నిటిని కూడిన 134217726. చంపకమాల ఇరువదియొక్క యక్షరముల ప్రకృతిచ్ఛందమునకు చెందినది. ఆ ఛందమున వృత్తములు 2097152. చదరంగపు పలకమీద ఇరువది రెండవ గడిలోని గింజలును ఇన్నియే. ఆ వృత్తములలో చంపకమాల 711600వది. అనగా ఏ రెట్టింపు శ్రేఢిని గూర్చి పద్యము చెప్పుచున్నదో, ఆ శ్రేఢిలోనే పద్యము తానును ఒక తావున కూర్చున్నదన్నమాట. కవి దీనిని తలచెనో లేదో కాని తలచుకొన్న మనకు ముచ్చటగా నుండును.

ఇంతటి రెట్టింపును ఒక్కొక్కటిగా అఱువది నాలుగుమాఱులు చేయ నక్కఱలేదు. పింగళుడు ఛందస్సూత్రములందే దగ్గఱిదారి చూపెను. అక్షరసంఖ్యను సగములుగా విఱుచుకొనుచు పోయి, తిరిగి వచ్చునప్పుడు సగమునకు సగము వర్గము చేయుటయే ఆ దారి. అఱువది నాలుగును ఆఱుమాఱులు సగము చేసిన ఒకటి మిగులును. ఇక వెనుకకు వచ్చిన 2, దాని వర్గము 4, దాని వర్గము 16, పిమ్మట 256, 65536, 4294967296. ఈ కడపటిదానిని మఱియొకమాఱు వర్గించిన 18446744073709551616. దీనినుండి ఒకటి తీసివేసిన పద్యములోని సంఖ్య వచ్చును. గుణోత్తరశ్రేఢికి మొత్తము కట్టు విధానమును మహావీరుడు తన గ్రంథమున ఈ మార్గముననే చెప్పెను. గజనీ ఆస్థానమునకు చేరిన అల్‌బిరూనీ, క్రీ. శ. 1000 ప్రాంతమున రచించిన ప్రాచీనజాతుల కాలగణన గ్రంథమున, ఇదే చదరంగసంఖ్యను ఇట్టి వర్గవిధానముననే సాధించి అంకెకు అంకెగా ఇచ్చెను. 1022లో రాజమహేంద్రవరమున పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రునకు అతడు సమకాలికుడు. చదరంగమును కనిపెట్టినవాడు రాజును గింజల వరమడిగిన కథను పదుమూడవ శతాబ్దియందు ఇబ్న్ ఖల్లికాన్ చెప్పుచు, అలెగ్జాండ్రియా గణకు డొకడు లెక్క చూపువఱకు ఆ మొత్తమును తాను నమ్మలేదని వ్రాసికొనెను.

సంఖ్య పుట్టుక తెలిసినపిమ్మట దాని గుణములు తెలియుట సులభము. మొదటి గడిలోని ఒంటిగింజ తప్ప తక్కిన గళ్ళలోనివన్నియు సరిసంఖ్యలు. కావున మొత్తము బేసి కావలయును. పక్కపక్క గళ్ళను రెండేసి కలిపినచో మొదటి జత మూడు. తరువాతి జతలన్నియు మూడునకు రెట్టింపులే. కావున మొత్తము మూడుచే భాగింపబడును. నాలుగేసి గళ్ళను తీసికొన్న మొదటి నాలుగింటి మొత్తము 15. కావున అయిదుచేతను భాగింపబడును. ఎనిమిది గళ్ళ వరుసను తీసికొన్న 255. అది 15ను 17చే గుణించిన వచ్చునది. కావున పదునేడుచేతను భాగింపబడవలయును. కాగితము మీద పెద్దలెక్క వేయకయే పలక వరుసలను చూచి ఇంతవఱకు తెలిసికొనవచ్చును.

ఇక తొమ్మిదుల పరీక్ష. అంకెలన్నిటిని కూడి తొమ్మిదుల చొప్పున త్రోసివేసి, మిగిలిన శేషమును చూచుట. రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతమునను, 1356లో నారాయణపండితుడు రచించిన గణితకౌముదియందును ఈ జాతి పరీక్షలు కలవు. ఆఱు రెట్టింపులకు 64. తొమ్మిదిచే భాగించిన ఒకటి శేషము. అనగా ఆఱు రెట్టింపుల కొకమాఱు శేషము మొదటికి వచ్చును. అఱువది నాలుగు రెట్టింపులలో ఆఱులు పది పోగా నాలుగు మిగులును. రెండును నాలుగుమాఱులు వేసి గుణించిన 16, శేషము 7. మొత్తము కొఱకు ఒకటి తీసిన 6. కావున పద్యములోని ఇరువది మాటల విలువలను కూడి తొమ్మిదుల త్రోసిన ఆఱు మిగులవలయును. కూడిన 87. ఎనుబదియేడులో తొమ్మిదులు పోగా మిగిలినది ఆఱే. వేదము బాణమైన మొత్తము 88, శేషము 7, తప్పు బయటపడును. పద్మజాస్యము షణ్ముఖాస్యమైన 89, శేషము 8. సముద్రములు రెండింటిని ఏడేసిగా తీసికొన్న 93, శేషము 3. ఒక్కదానినే ఏడుగా తీసికొన్న 90, శేషము సున్న. ఇందు సముద్రము నాలుగే యని సంఖ్యయే తీర్పు చెప్పుచున్నది. నిఘంటువును తిరుగవేయ పనిలేదు.

అయినను తొమ్మిదుల పరీక్షకు రెండు గ్రుడ్డితనము లున్నవి. సున్నకును తొమ్మిదికిని అది భేద మెఱుగదు. రెండు మాటలు తాఱుమాఱైనను దానికి పట్టదు. ఈ పద్యమున రంధ్రశబ్దమును (తొమ్మిది) ఆకాశశబ్దమును (సున్న) ఇరుగుపొరుగున నున్నవి. రంధ్రమనగా బోలు గదా, సున్న యేల కాకూడదని చదువరి తలచుటకు వీలున్నది. ఇచట పదునొకండ్ల పరీక్ష ఆదుకొనును. బేసిస్థానముల విలువలను ఒకచోటను, సరిస్థానముల విలువలను వేఱొకచోటను కూడి, మొదటిదానినుండి రెండవదానిని తీసివేయవలయును. భూతసంఖ్యలు ఒకట్ల స్థానమునుండియే మొదలగుటచే పద్యమును వినుచునే ఒకటి విడిచి ఒకటి లెక్కించుకొనవచ్చును. బేసిస్థానములు 62, సరిస్థానములు 25, భేదము 37, పదునొకండ్లు పోగా 4. సిద్ధాంతము చెప్పునదియు నాలుగే: పది రెట్టింపులకు 1024, దానిలో పదునొకండ్లు పోగా ఒకటి, అఱువది పోగా మిగిలిన నాలుగు రెట్టింపులకు 16, శేషము 5, ఒకటి తీసిన 4. ఒక్క అంకె ఎక్కడ మాఱినను, ఇరుగుపొరుగున నున్న రెండు వేఱు అంకెలు తాఱుమాఱైనను ఈ పరీక్షకు చిక్కక తప్పదు.

నేను సికింద్రాబాదులో కొంతకాలము విద్యార్థులకు తెలుగు చెప్పియుంటిని. మెట్టుగూడ రైల్వే క్వార్టర్సు నుండి వచ్చు విద్యార్థి యొకడు తాతవలన నేర్చిన ఈ పద్యమును తరగతిలో చదివెను. అతని పాఠమున తర్కశబ్దమునకు మాఱుగా శాస్త్రశబ్ద ముండెను. లెక్క వేయించితిని, తొమ్మిదులు సరిపోయినవి, పదునొకండ్లును సరిపోయినవి. సరిపోవక యేమి? శాస్త్రములును ఆఱే. గణమును సరియే. అతడు గెలిచినట్లు చూచెను. యతి యెక్కడనని అడుగగా ధకారమునకు శకారము చెల్లదని తానే చెప్పి కూర్చుండెను. మఱునాడు వేఱొక విద్యార్థి వ్రాసి తెచ్చిన ప్రతిలో వేదము పోయి బాణము వచ్చినది. అది ఛందస్సున నెగ్గి తొమ్మిదులలో ఓడెను. ఒక సాక్షి చూడని తప్పును రెండవ సాక్షి చూచుట నాకు ఆ రెండు దినములలో స్పష్టపడినది. ఇద్దఱును చూడలేని తావులును కలవు. యతిప్రాసలకు దూరముగా నున్న గిరిశబ్దమునకు మాఱుగా నగశబ్ద మున్నచో విలువ మాఱదు, గణము మాఱదు. అచట తాళపత్రములే శరణ్యము.

ఆ మొదటి విద్యార్థి తండ్రి సరకుల యార్డులో ఉద్యోగి. కావున ఈ గింజలను సికింద్రాబాదునుండి గూడ్సు బండ్లలో ఎత్తినచో ఎన్ని వాగనులు కావలయునని అతడే లెక్కకు కూర్చుండెను. వేయి వడ్లగింజలు ఇరువదియైదు గ్రాములని పట్టిన మొత్తము సుమారు 46,117 కోట్ల టన్నులు. వాగనునకు 60 టన్నుల చొప్పున 768 కోట్లకు పైగా వాగనులు. వాగను పొడవు 14 మీటర్లని వేసికొన్న బండి పొడవు పది కోట్ల డెబ్బదియైదు లక్షల కిలోమీటర్లు దాటును. సూర్యునికి గల దూరములో మూడింట రెండు పాళ్ళకు మించినది. ప్రపంచమున ఇప్పుడు ఏటికి పండు ధాన్యము సుమారు 80 కోట్ల టన్నులు. అయిదు వందల డెబ్బది యేండ్ల పంటయైనను రాజు మాట చెల్లదు. 1874లో నిజాము రైలుమార్గము వాడినుండి సికింద్రాబాదు చేరినది. నాటినుండి నేటివఱకు ఈ స్టేషను మీదుగా పోయిన సరకంతయు ఈ రాశిముందు పిడికెడే.

మరల సంఖ్యకు వత్తము. దానిని పలుకుటకు మనకు మాటలున్నవా? కోటికి మీద కోట్లను పేర్చి చెప్పుట నేటి వాడుక. మహావీరుడు ఇరువది నాలుగు స్థానములకు పేరులు పెట్టెను. అవి ఏకము మొదలు మహాక్షోభము వఱకు. ఆ వరుసలో ఇరువదవ స్థానము మహాశంఖము. మన సంఖ్య ఒక మహాశంఖము, ఎనిమిది శంఖములు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు అని మొదలగును. తెలుగుగణితమున ఆ స్థానములు ముప్పదియాఱునకు పెరిగినవి. ఇందొక వింత. రెట్టింపువలననే పుట్టిన ఈ సంఖ్యలో రెండను అంకె ఒక్కచోటనైనను కానరాదు. కవికి నేత్ర, కర, పక్ష శబ్దములతో పనియే పడలేదు.

పద్యము సంకలితమని స్పష్టముగా చెప్పుట గమనింపదగినది. కథను నోటితో చెప్పువారు కొందఱు 16తో ముగియు సంఖ్యను చెప్పుదురు. అది అఱువదియైదవ గడి యున్నచో దానిలో పడవలసినది. మఱికొందఱు కడపటి గడిలోని 9223372036854775808నే మొత్తముగా చెప్పుదురు. రెండును సరిసంఖ్యలు, మొత్తము బేసి కావలయునని పైన చూచితిమి. పద్యారంభమున అయిదును సూచించు బాణమే యుండవలయును గాని ఆఱును సూచించు మాట యుండరాదని ఈ ఒక్క ఒంటిగింజ నిర్ణయించుచున్నది. ఒక్క గింజకు పాఠనిర్ణయమున ఇంత పని కలదు.

ఈ సంఖ్య భాజకములను గూర్చియు చెప్పవలయును. పింగళుని మార్గమున వచ్చిన మెట్లను మరల చూడుడు: 2, 4, 16, 256, 65536, 4294967296. ఒక్కొక్కదానికి ఒకటి చేర్చిన 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆఱింటిని గుణించిన సరిగా పద్యములోని సంఖ్య వచ్చును. వర్గమునుండి ఒకటి తీసినచో అది ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు రాశుల గుణితమగుటయే దీనికి కారణము. మెట్టుమెట్టునను ఆ సూత్రమే దిగివచ్చును. ఇట్లు వచ్చు రాశులన్నియు అభేద్యములని 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తలచెను. మొదటి అయిదును అట్టివే. ఆఱవదానిని 1732లో ఆయిలరు 641చే భాగించి 6700417 లబ్ధముగా చూపి ఆ తలపును త్రోసివేసెను. కావున మన సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానసంఖ్యల గుణితము. ఏదియు రెండుమాఱులు రాదు. ఏడింటిలో ఒక్కొక్కటి తీసికొనుటయో విడుచుటయో గనుక భాజకముల సంఖ్య 128. గురువో లఘువో అన్నట్లే యిదియు. ఏడక్షరముల ఉష్ణిక్‌ఛందస్సునకు వృత్తములును 128. వీనిలోనివే 3, 5, 17, 257, 65537 అను రాశులు, సమబాహు బహుభుజులను వృత్తలేఖినితో గీయు సమస్యలో గౌసునకు అక్కఱకు వచ్చినవి. 1796లో అతడు పదునేడు భుజముల క్షేత్రమును సాధించెను.

నేటి గణనయంత్రములు అఱువదినాలుగు ద్విఅంకముల మాటను వాడుచున్నవి. ఆ మాటలో ఇముడు ఋణము కాని పూర్ణసంఖ్యలలో మిక్కిలి పెద్దది ఈ పద్యములోని సంఖ్యయే. చేతిలో నుండు ఫోనులోను అదే హద్దు. హైదరాబాదు సికింద్రాబాదులలో ఆ యంత్రములతో పనిచేయు తెలుగు యువకులు ఈ సంఖ్యను దినమును చూచుచునే యున్నారు; చంపకమాలలో అది తమకంటె ముందే ఒదిగియున్నదని వారిలో ఎంతమందికి తెలియునో.

ఈ పరీక్షామార్గము చాటుపద్యములతో ఆగునది కాదు. శాసనములలోని శకసంవత్సరములు భూతసంఖ్యలలో నుండుట సాధారణము. రాజరాజనరేంద్రుని కోరుమెల్లి శాసనమే దీనికి ఉదాహరణము. అందు పట్టాభిషేకసంవత్సరము వేదము, సముద్రము, నిధి అను మూడు మాటలతో చెప్పబడినది: నాలుగు, నాలుగు, తొమ్మిది, శకము 944. అర్కుడు సింహరాశియందుండుట, బహుళ ద్వితీయ, గురువారము అను వివరములును శ్లోకమునందే కలవు. అవి 1022 ఆగస్టు 16వ తేదీతో పొసగుచున్నవి, అది గురువారమే. ఇక్కడను సముద్రమే చిక్కు. దానిని ఏడుగా చదివినచో శకము 974 అగును. ముప్పది యేండ్లు ముందుకు జరుగును. మల్లన కాలమును రాజరాజనరేంద్రుని బట్టి నిర్ణయింపజూచువారికి ముప్పది యేండ్లు చిన్నమాట కాదు. తిథివారములు ఈ రెంటిని విడదీయగలవా? ముప్పది యేండ్లలో 371 చాంద్రమాసములు గడచును. అవి 1565 వారములకు ఒక దినమైనను మించవు. తిథియు వారమును తిరిగి ఇంచుమించుగా ఒకేచోట కలిసికొనును గనుక వారమొక్కటే యిచట గట్టి సాక్షి కాజాలదు. నక్షత్రమును లగ్నమును లెక్కించి, తూర్పుచాళుక్యుల తక్కిన శాసనములలోని రాజ్యసంవత్సరములతో సరిచూచిననే సముద్రము నాలుగని చెప్పవచ్చును. గణితశ్రేఢి ఇచ్చిన సాక్ష్యమంత నిక్కచ్చిగా పంచాంగము సాక్ష్య మియ్యదు. అయినను దానిని అడుగక మానరాదు. 1922లో అచ్చైన స్వామికన్ను పిళ్ళెగారి పంచాంగ గ్రంథము ఈ పనికి ఇప్పటికిని చేతికందు సాధనమే. తెలుగుశాసనములలోని భూతసంఖ్యాశ్లోకములను వరుసగా తీసికొని, ఒక్కొక్కదానిలో అనేకార్థములు గల మాటలేవో గుర్తించి, ఆ మాటల విలువలను మార్చి మార్చి తిథివారములతో పరీక్షించు పని పరిశోధకవిద్యార్థు లెవరైనను చేపట్టదగియున్నది.